పెదవి తగలని నీళ్లు

ఒకటో రోజు

మా పాటగుంపుకు నన్ను ఆరోగ్య పెద్దగా ఎన్నుకున్నారు. ఎన్నుకోవడం అంటే, బండి ఎక్కేటప్పుడు ఆ పని ఎవరు చేస్తారని అడిగితే అందరూ సామాను సర్దుకోవడంలో మునిగిపోయారు. నా సామాను అప్పటికే సర్దేసి ఉంది. ఖాళీగా నిలబడినందుకు దొరికిన పదవి ఇది. ఏడుగురికి ఎండదెబ్బ తగలకుండా, కడుపు చెడకుండా, ఒంట్లోంచి కంపు రాకుండా చూసుకోవాలి. రోజూ జరిగింది రాసిపెట్టాలి. వచ్చే ఏడు వచ్చే గుంపుల ఆరోగ్య పెద్దలు చదువుకుంటారట. నేను ఎనిమిదో తరగతి వరకు చదివాను కాబట్టి రాత ఇబ్బంది లేదు. ఆరోగ్యమే కొత్త.

కొండమీది పాటల మకాం తొమ్మిది రోజులు. పగటి మూత మొదలయ్యాక మా ఊళ్లో ఎండ ఎక్కితే తలుపు తీయడానికి లేదు. ఇక్కడ అయితే కొండ మొత్తానికి గొడుగు గుడ్డ కట్టారు. దానికింద మధ్యాహ్నం కూడా మనిషి మనిషిలాగే ఉంటాడు. పగలు నీడన ఉండడం, పొద్దు వాలాక పాట. ఒక్కో ఊరికి వేదిక మీద వంతు ఏడేళ్లకొకసారి వస్తుంది. మా వంతు ఎనిమిదో రోజు. మా చౌడక్క పాడుతుంది. కొర్రలు తూర్పార పట్టేటప్పుడు గాలిని పిలిచే పాట. యంత్రాలు వచ్చాక గాలిని ఎవరూ పిలవడం లేదు, ఆ పాట మొత్తం వచ్చినది ఆమె ఒక్కతే. నేను తప్పెట వాయిస్తాను. మద్దిలేటి తాళాలు. మిగతా నలుగురు వెనక అందుకుంటారు.

దారిలో కూర్చుని నిద్రపోతుంటే నా మెడ పట్టేసింది. పక్కకు తిరగదు, పైకి లేవదు. ఆరోగ్య పెద్దే మొదటి రోగి.

గేటు దగ్గర మనిషికొక నీళ్ల తిత్తి ఇచ్చారు. పోయినేడు వరకు కుండలు ఉండేవట, ఇవి ఈ ఏడే వచ్చాయి, ఇంకో మకాంలో వాడాక ఇక్కడికి తెచ్చారట. మెత్తటి సంచి, దానికొక గొట్టం, గొట్టం మొదట్లో చిన్న దీపం. సరిపడా తాగితే ఆకుపచ్చ, తక్కువైతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. దీపం ఎర్రగా ఉన్నవాడికి వేదిక గేటు తెరుచుకోదు. పోయినేడు ఎవరో పాడుతూ పాడుతూ ఎండిపోయి పడిపోయారట, అందుకని.

మావాళ్లు తిత్తి ఎత్తి పట్టుకుని పిండారు. నీళ్లు ధార కట్టి నోట్లో పడ్డాయి. చెంబైనా సీసా అయినా మా వైపు పెదవికి తగిలించి తాగరు. తగిలితే ఎంగిలి, ఇక దాన్ని ఇంకొకరు ముట్టరు. నాకు మెడ లేవదు కాబట్టి గొట్టం నోట్లో పెట్టుకున్నాను. మద్దిలేటి చూశాడు.

"ఏమప్పా కుళ్లాయప్పా, నీకింకా పాలు మాన్పించలేదా?" అన్నాడు.

నా తిత్తికి ఎర్ర దారం కట్టి, ఎవరూ పొరపాటున తీసుకోకుండా గుడారం బయట తగిలించారు. యాభై రెండేళ్ల వయసులో దూడనయ్యాను.

రెండో రోజు

గుడారం గురించి. నేల చదును చూసి వేసుకోవాలి. నేను చూశాను, చదునుగానే కనిపించింది. మెడ తిరగని మనిషికి అన్నీ చదునుగానే కనిపిస్తాయి. రాత్రి ఏడుగురమూ జారి ఒక మూలకు చేరాం. పొద్దున లేచి చూస్తే చౌడక్క కాళ్లు నా తల మీద, నా కాళ్లు మద్దిలేటి మూట మీద ఉన్నాయి. గుడారం పీకి మళ్లీ వేశాం.

స్నానం గురించి. నీళ్ల స్నానం నాలుగు రోజులకొకసారి. మిగతా రోజులు గాలి గదిలోకి వెళ్లి నిలబడితే, సున్నిపిండి లాంటి పొడి చల్లి నాలుగు వైపుల నుంచి గాలి కొడుతుంది. జిడ్డు పోతుంది. నేను గోడమీద రాసింది చదివి, ఎలా నిలబడాలో అందరికీ చెప్పాను. చేతులు పైకెత్తాలి, కాళ్లు ఎడంగా పెట్టాలి, కళ్లు మూసుకోవాలి. చివరి వాక్యం చదవలేదు. వదులు బట్టలు బయట పెట్టి వెళ్లాలని ఉంది. మద్దిలేటి లుంగీ గదికి పైనున్న కంతలోంచి బయటకు వెళ్లి ఆడవాళ్ల వరసలో దిగింది. తెచ్చిచ్చినామె దాన్ని చక్కగా మడతపెట్టి తెచ్చింది. అదే ఎక్కువ బాధగా ఉందని మద్దిలేటి అన్నాడు.

చెమటకాయలకు వేపాకు నూరి రాయించాను. ఇది మాత్రం పనిచేసింది. నేను చెప్పింది కాదు, చౌడక్క చెప్పింది.

మూడో రోజు

పొద్దున లేచేసరికి ఆరు తిత్తుల మీద పసుపు దీపం. నా తిత్తి మీద ఆకుపచ్చ.

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. దాహం వేశాక తాగడం కాదు, వేయకముందే తాగాలి. నన్ను చూడండి, క్రమం తప్పను, అందుకే నా దీపం ఆకుపచ్చ. మెడ పట్టేసినా సరే నా ఒంటిని నేను చూసుకుంటున్నాను. ఇలా చాలాసేపు మాట్లాడాను. చౌడక్క వింటూనే కొర్రల్లో రాళ్లు ఏరింది. తాము తాగుతూనే ఉన్నామని మద్దిలేటి అన్నాడు. అందరూ అలాగే అంటారు, దీపం అబద్ధం చెప్పదు కదా అన్నాను.

ఈ మాట నేనే రాస్తున్నాను, కొట్టేయడం లేదు.

నాలుగో రోజు

ఆరు దీపాలూ ఎర్రగా వెలిగాయి. మా గుడారం దూరం నుంచి చూస్తే అంగట్లో టమాటాల గంపలా ఉందని పక్క వరసవాళ్లు అన్నారు.

మకాం మందుల గుడారం నుంచి గ్రేస్ సిస్టరు వచ్చింది. సముద్రం వైపు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ఆరుగురి నాలుకలూ చూసింది, చర్మం గిల్లి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. తిత్తులు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. నోటికి నీళ్లు చేరడం లేదట, తిత్తి ఖాళీ అవుతోందట. అంటే పారబోస్తున్నారు. నీళ్లు పారబోయడం ఇక్కడ చిన్న తప్పు కాదు. ఆమె ఆ మాట అరిచి చెప్పలేదు, కానీ పక్క గుడారాల వాళ్లు విన్నారు. సాయంత్రం చింతపండు అడగడానికి వెళ్తే మావాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

ఎనిమిదో రోజుకు దీపాలు మారకపోతే గేటు తెరుచుకోదని ఆమె చౌడక్కకు విడిగా చెప్పింది. చౌడక్క తల ఊపింది. ఆమెకు అరవై ఎనిమిది. మళ్లీ వంతు వచ్చేసరికి ఎంత అవుతుందో లెక్క వేయడానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదు.

సిస్టరు వెళ్తూ వెళ్తూ నా దీపం చూసి మెచ్చుకుంది. మీవాళ్లకు కూడా మీలా అలవాటు చేయండి అంది. ఆ రాత్రి నాకు గర్వంతో నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం అవుతుంది. బాగా పట్టింది.

ఐదో రోజు

ఈల కొనుక్కొచ్చాను. ఈల వేసినప్పుడల్లా అందరూ నా కళ్లముందు తిత్తి ఖాళీ చేయాలి. చేశారు. ధార తప్పకుండా, ఒక్క చుక్క కింద పడకుండా, గుటక గుటకకూ గొంతు కదలడం నేను చూశాను. మళ్లీ నింపించాను, మళ్లీ ఈల వేశాను. మద్దిలేటి కడుపు మీద వేలితో కొట్టి చూపించాడు, నా తప్పెట కంటే బాగా మోగింది.

దీపాలు ఎర్రగానే ఉన్నాయి. ఆరుగురూ దొడ్డికీ గుడారానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. మా పక్కనున్న నది వైపు గుంపువాళ్లు ఏమైనా ఊరేగింపా అని అడిగారు.

నా నోటి నిండా పూత వచ్చింది. పెదవి లోపల, నాలుక అంచున చిన్న చిన్న పుండ్లు. కారం తగిలితే కళ్లలో నీళ్లు వస్తున్నాయి. వేడి చేసి ఉంటుంది. మజ్జిగ పుక్కిలించాను. ఆరోగ్య పెద్దకు నోరు పూసిందని ఎవరికీ చెప్పలేదు.

ఆరో రోజు

దొడ్ల దగ్గర కూడా లెక్క రాసే పెట్టె ఉందని తెలిసింది. ఎవరు ఎంత పోశారో దానికి తెలుసు. గ్రేస్ సిస్టరు మళ్లీ వచ్చింది, ఈసారి వెంట మకాం కాపలాదారు ఒకాయన ఉన్నాడు.

"తాగడం లేదు, కానీ పోస్తున్నారు. ఆ నీళ్లు ఎక్కడివండీ?" అని ఆయన అడిగాడు.

మాకు అర్థం కాలేదు. పక్క గుడారాల నీళ్లు దొంగిలించి తాగుతున్నామని ఆయన అనుమానం. ఒకటి రెండు తిత్తులు కనపడలేదని ఫిర్యాదు ఉందట. గుడారం అంతా వెతికారు. మద్దిలేటి మూట విప్పారు. అందులో ఉన్నవి రెండు లుంగీలు, ఒక బెల్లం అచ్చు. బెల్లం గురించి మాలో ఎవరికీ అంతవరకు తెలియదు, కాబట్టి ఆ మూట విప్పడం వల్ల కొంత మేలు జరిగింది.

వాళ్లు వెళ్లాక చౌడక్క నన్ను పిలిచింది.

"కుళ్లాయీ, మనం దొంగలమని రాసుకున్నారా?"

అలా ఏమీ రాసుకోలేదక్కా అన్నాను.

"రాసుకుంటే రాసుకోనీ. పాట పాడనిస్తే చాలు. పాడినాక ఏమన్నా అనుకోనీ, నాకేమి."

అంతే అంది. అటు తిరిగి పడుకుంది. నేను ఈల తీసి మూటలో అడుగున పెట్టేశాను.

ఏడో రోజు

నిద్ర లేవగానే మెడ తిరిగింది. రెండు వైపులా తిరిగింది, పైకి లేచింది. ఆరు రోజుల తర్వాత గొడుగు గుడ్డ ఎలా ఉందో చూశాను. అక్కడక్కడా పిచ్చుకలు కూర్చుని ఉన్నాయి. సంతోషంతో తిత్తి ఎత్తిపట్టి మావాళ్లలాగే ధారగా పోసుకుని తాగాను. పుండ్లకు గొట్టం తగలకపోవడం హాయిగా అనిపించింది. పొద్దంతా అలాగే తాగాను.

పొద్దు వాలే వేళకు నా దీపం పసుపు అయింది.

మొదట తిత్తి చెడిపోయింది అనుకున్నాను. తర్వాత నాకు జబ్బు చేసింది అనుకున్నాను. జబ్బు గురించి సిస్టరుకు చెప్పడానికి సగం దూరం వెళ్లి, దారిలో ఆగిపోయాను. అక్కడ ఒక అరుగు ఉంటే కూర్చున్నాను. గొట్టం నోట్లో పెట్టుకుని నాలుగు గుక్కలు పీల్చాను. దీపం ఒకసారి మిణుకుమంది. ఎత్తి పోసుకున్నాను, మిణుకుమనలేదు. మళ్లీ పీల్చాను, మిణుకుమంది.

దానికి పెదవి తగలాలి. పెదవి తగిలితేనే తాగినట్టు. తగలకపోతే నేల మీద పోసినా నోట్లో పోసినా దానికి ఒకటే. నా క్రమశిక్షణ, ముందుచూపు, ఈల, నాలుగు రోజుల ఉపన్యాసాలు, అన్నీ కలిపి ఒక పట్టేసిన మెడ.

సిస్టరును వెంటబెట్టుకుని వచ్చి అందరి ముందూ చెప్పాను. ఎవరూ నవ్వలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. కాసేపటికి మద్దిలేటి, "అంటే మా అందరికంటే నీ మెడే తెలివైంది గదప్పా" అన్నాడు. అప్పుడు నవ్వారు.

సిస్టరు తన కళ్లతో చూసి నమ్మింది. తన ఊళ్లో ఇలా ధారగా తాగేవాళ్లను ఎప్పుడూ చూడలేదంది. పైకి రాసి పంపుతానంది, కానీ జవాబు వచ్చేసరికి మకాం ముగిసిపోతుంది. గేటు దీపాన్ని మాత్రమే చూస్తుంది, మనిషి మాట వినదు. రేపు పొద్దు వాలేలోగా ఒక్కొక్క తిత్తి నిండుగా పెదవితో తాగితే ఎరుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. సులువే కదా పెద్దమ్మా, గొట్టం నోట్లో పెట్టుకోండి అంది.

చౌడక్క పెట్టుకోనంది.

"దీన్ని నాకంటే ముందు ఎంతమంది చీకిండారో."

"అన్నీ ఉడకబెట్టే ఇస్తామమ్మా."

"ఉడకబెట్టింటే వీని నోరు ఎందుకిట్లయింది? తెరువురా కుళ్లాయీ."

ఆమెకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. తెరిచాను. సిస్టరు టార్చి వేసి చూసింది. తిప్పి తిప్పి చూసి, ఇవే నోళ్లు మిగతా వరసల నుంచి కూడా వస్తున్నాయని, ఎండ వేడి అనుకుంటున్నామని నెమ్మదిగా అంది. టార్చి ఆర్పి చేతిలోని గొట్టం వైపు చూసింది.

"ఎంగిలని ఒక్కటే కాదమ్మా," అంది చౌడక్క. "పాడే నోరిది. రేపు పుండు పడితే ఏం పాడల్ల? ఏడేండ్లకు మళ్లా రమ్మంటావు. అప్పటికి నేనుంటే గద."

మిరపకాయల ధర చెప్పినట్టు చెప్పింది. పాడే వాళ్లకు నోరు ముఖ్యమని మిగతా నలుగురూ అన్నారు. పీల్చి ఉమ్మేద్దామని మద్దిలేటి ఒక ఉపాయం చెప్పాడు. అప్పుడు నిజంగానే నీళ్లు పారబోసినవాళ్లం అవుతాం, వద్దని చౌడక్క అంది.

నేను నా నోరు గురించి ఆలోచించాను. అది ఇప్పటికే చెడిపోయింది. పైగా నేను పాడను. తప్పెటకు నోటితో పని లేదు. తిత్తికి పెదవి కావాలి, ఎవరి పెదవి అన్నది దానికి పట్టదు కదా అని సిస్టరును అడిగాను.

ఆమె మందుల సంచి సర్దుకుంది. "నేను చూసేది దీపాలండీ. మూతులు కాదు," అంది.

వెళ్లేముందు నాలుగు ఉప్పు పొట్లాలు నా పక్కన పెట్టి, ఒక్కసారిగా తాగొద్దని, మధ్యాహ్నం నుంచి కొద్దికొద్దిగా తాగమని చెప్పింది. ఎవరికి చెప్పిందో ఎవరి పేరూ అనలేదు.

ఎనిమిదో రోజు

మధ్యాహ్నం మొదలుపెట్టాను. పొద్దున్నే పీల్చి ఆకుపచ్చ చేసుకున్న నాదాన్ని వదిలేస్తే ఆరు తిత్తులు, ఒక్కొక్కటి అర లీటరు. వినడానికి ఏమంత ఎక్కువ కాదు. ఊళ్లో చెరుకురసం దగ్గర ఇంతకంటే పెద్ద పందేలు చూశాను. అయితే అక్కడ పుండ్లు ఉండవు, ఉప్పు పొట్లాలు ఉండవు.

మొదటిది చౌడక్కది. ఆకుపచ్చ వెలిగినప్పుడు మద్దిలేటి చప్పట్లు కొట్టాడు. రెండోదానికి కూడా కొట్టాడు. మూడోదానికి నా వీపు నిమిరాడు. నాలుగోదానికి దూరం జరిగి కూర్చున్నాడు. ఐదోదాని మధ్యలో నేను లేచి నిలబడితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆరోది మద్దిలేటిది. అందులో అతను బెల్లం కలిపి ఉంచాడు. నా కోసమే కలిపానన్నాడు. ఈ మకాంలో మావాళ్ల నుంచి నాకు అందిన మంచి మాట అదొక్కటే, దాన్ని కక్కేయకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

పొద్దు వాలింది. చౌడక్క తెల్ల చీర కట్టుకుని, తలకు ఆముదం రాసుకుని, నోట్లో రెండు లవంగాలు వేసుకుంది. ఏడు తిత్తులూ ఆకుపచ్చగా వెలుగుతుండగా వేదిక వైపు నడిచాం. పక్క వరసవాళ్లు చూశారు. గేటు ముందు ఒక్కొక్కరుగా నిలబడ్డాం. చౌడక్కకు తెరుచుకుంది. మద్దిలేటికి తెరుచుకుంది. నలుగురికీ తెరుచుకుంది. నాకూ తెరుచుకుంది. నేను వెనక్కు తిరిగి పరుగెత్తాను.

మూత్రం ఒక్కటే అయితే తిరిగి వచ్చేవాడిని. కడుపు కూడా కదిలిపోయింది. గొట్టాల్లో ఉన్నదేదో నోటి దగ్గర ఆగలేదు. వేదికకు సరిగ్గా వెనకే రేకుల దొడ్లు కట్టించిన మహానుభావుడు ఎవరో గాని, ఆయన పుణ్యమా అని అక్కడ కూర్చున్నవాడికి పాట బాగా వినిపిస్తుంది.

తప్పెట లేకుండా కాసేపు ఏమీ వినపడలేదు. నా కోసం చూస్తున్నారని తెలిసింది. తర్వాత చౌడక్క ఎత్తుకుంది.

పడమటి గాలీ, పైకి రావే,
పొట్టు నీకు, గింజ నాకు.

గొంతులో ఎక్కడా జీర లేదు. పైకి వెళ్లి అక్కడ నిలబడి, చేట వంచినప్పుడు గింజ జారినట్టు మెల్లగా జారింది. మద్దిలేటి తాళాలు ఒక అడుగు వెనకబడుతున్నాయి. అతనికి ఎప్పుడూ తప్పెట వినే అలవాటు. నేను రేకు తలుపు మీద వేళ్లతో మొదలుపెట్టాను. మొదట మెల్లగా, తర్వాత అరచేతితో. బయట వరసలో నిలబడిన వాళ్లు మర్యాదగా త్వరగా రమ్మన్నారు. తర్వాత మర్యాద లేకుండా రమ్మన్నారు. పాట అయ్యేదాకా నేను రాలేదు. రాగలిగేవాడిని కూడా కాదు.

తొమ్మిదో రోజు

మందుల గుడారంలో మంచం మీద ఉన్నాను. చేతికి సెలైన్ పెట్టారు. మకాంలో కడుపు చెడి పడుకున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మా గుంపులో నేనొక్కడినే. గ్రేస్ సిస్టరు పొద్దున్నుంచి గొట్టాలన్నీ విప్పించి పెద్ద గంగాళంలో ఉడకబెట్టిస్తోంది. వచ్చే ఏడాది చెంబులు కూడా పెట్టమని రాశానని చెప్పింది. పెడతారో లేదో తెలియదు.

వచ్చే ఆరోగ్య పెద్దకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. వదులు బట్టలు బయట పెట్టి గాలి గదిలోకి వెళ్లండి. వేపాకు రాసుకోండి. దీపం కంటే ముందు మనిషి నాలుక చూడండి. ఈల కొనకండి.

బండి ఎక్కేముందు చౌడక్క వచ్చింది. మంచం పక్కన నిలబడి, నాకు సెలైన్ ఎక్కుతున్నది చూసింది. ఇదైనా నోరు తగిలించకుండా తాగుతున్నావు అంది. పాట ఎలా ఉందని నేను అడగలేదు, ఆమే చెప్పింది.

"రెండో చరణంలో ఒక మాట మింగేసినా."

తలుపు మీద వాయించానక్కా, నీకు వినపడలేదేమో అన్నాను.

"వినపడింది," అంది. "దాన్ని పట్టుకునే పాడినా. రెండో చరణానికి నువ్వే ఉరుకులు పెట్టినావు."

నేను కాదనలేదు. బయట అంతమంది తలుపు తన్నుతుంటే ఏ తప్పెటగాడైనా కొంచెం ఉరుకుతాడు.